కోనసీమకు వచ్చిన కోడలు: కాగితాల సంచితో శంషాబాదు ప్రయాణము



మా కోనసీమలో గల్ఫు మాట వినని వీధి లేదు. కొబ్బరి తోటల మధ్య కొత్త డాబా కనిపిస్తే ఆ ఇంటివారు కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయిలోనో ఉన్నారని ఇట్టే చెప్పవచ్చు. వెళ్ళేవారి వీసాల సంగతి మా పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ వీసాకు ఏ పని, ఎన్ని నెలలకు సెలవు, టికెట్టు ఎవరు పెట్టుకోవాలి అన్నీ లెక్క చెబుతారు. అయితే అవతలి దేశమునుండి మన ఇంటికి వచ్చేవారి సంగతి ఏమిటి? మన అబ్బాయి చేయిపట్టి తెచ్చుకున్న పరదేశపు అమ్మాయి మన ఊరిలో ఎన్నాళ్ళు ఉండవచ్చు? మన సంఘమును చూడవచ్చిన అతిథి ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు? ఈ సంగతులు తెలిసినవారు తక్కువ. మా సంఘములోని ఒక కుటుంబముతో కలిసి మేము చేసిన ప్రయాణములో నేర్చుకొన్నవి ఈ పుటలలో పంచుకుంటున్నాము.

ఆ కుటుంబములోని అబ్బాయి కువైట్‌లో డ్రైవరు. అక్కడ ఒక ఇంటిలో వృద్ధురాలికి సేవచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయితో పరిచయమై, ఇరువైపుల పెద్దల సమ్మతితో మా మందిరములోనే వివాహము జరిగింది. అమ్మాయి అక్కడి భారత రాయబార కార్యాలయము ద్వారా మామూలు టూరిస్టు వీసా తీసుకొని వచ్చింది. వివాహము చేసుకొనుటకు తనకు ఏ అడ్డూ లేదని తన దేశపు రాయబార కార్యాలయము ఇచ్చిన పత్రము కూడా వెంట తెచ్చుకుంది. ఫిలిప్పీన్స్ పౌరులు పరదేశములో పెళ్ళి చేసుకొనేటప్పుడు ఆ పత్రము అడగవచ్చు.

కోనసీమ ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఆమె పుట్టిన ఊరూ కొబ్బరి తోటల ఊరే. మొదటి వారములోనే కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసింది. భాష దగ్గరే నవ్వులు పుట్టాయి. వారి భాషలో అమ్మను "నానాయ్" అనీ, నాన్నను "తాతాయ్" అనీ పిలుస్తారు. ఆమె అత్తగారిని "నానాయ్" అంటే పక్కింటివారు "అదేమిటే, అత్తగారిని నాన్నను చేసేసింది" అని నవ్వారు. మామగారిని "తాతాయ్" అంటే ఆయన, "యాభై ఏళ్ళకే నన్ను తాతను చేసేసిందండీ" అని మురిసిపోయారు. నిజముగా తాత అయ్యే సమయము దగ్గరపడిందని కొద్ది నెలలలోనే తెలిసింది.

సెలవు ముగిసి అబ్బాయి కువైట్ వెళ్ళిపోయాడు. కాన్పు అత్తగారింటనే అని నిర్ణయించుకున్నారు. టూరిస్టు వీసా సంగతి ఏమిటని పట్టణములో టికెట్లు అమ్మే ఒక ఏజెంటును అడిగితే, "పెళ్ళయిపోయింది కదా, ఇక ఆమె ఇండియా మనిషే, ఏమీ అక్కరలేదు" అన్నాడట. ఆ మాట నమ్మి ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చి తన వీసా కాగితపు నకలు చూపించింది. గడువు ఇక 32 రోజులే ఉంది.

ఏజెంటు చెప్పిన మాటలో సత్యము ఏమాత్రము లేదు. భారత పౌరుని పెళ్ళాడినంత మాత్రాన ఎవరూ భారత పౌరులు కారు. పౌరసత్వ చట్టము ప్రకారము, భారత పౌరుని వివాహము చేసుకొన్న విదేశీయులు 7 సంవత్సరాలు ఈ దేశములో నివసించిన తరువాతనే పౌరసత్వమునకు దరఖాస్తు చేయగలరు. అంతవరకు వారు విదేశీయులే. వీసా గడువు దాటితే అత్తవారిల్లు కూడా వారికి చట్టవిరుద్ధమైన నివాసమే అవుతుంది. పాత విదేశీయుల చట్టము స్థానములో వచ్చిన 2025 నాటి వలస మరియు విదేశీయుల చట్టము 2025 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉంది. గడువు దాటి ఉండిపోయినవారికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లేదా 3 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని ఆ చట్టము చెబుతోంది.

అంతకంటె బరువైన సంగతి ఇంకొకటి ఉంది. 2004 డిసెంబరు 3 తరువాత ఈ దేశములో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే భారత పౌరసత్వము రావాలంటే తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులై ఉండాలి. ఒకరే పౌరులైతే, రెండవవారు అక్రమ వలసదారు కాకూడదు. వీసా గడువు దాటి ఉండిపోయినవారిని కూడా చట్టము అక్రమ వలసదారులనే అంటుంది. అంటే ఆ 32 రోజులు ఊరకే గడిచిపోతే చిక్కు తల్లితో ఆగదు, ఇంకా కళ్ళు తెరవని బిడ్డ మీద కూడా పడుతుంది. ఈ మాట చెప్పినప్పుడు అత్తగారు కొంగు నోటికి అడ్డుపెట్టుకొని, "అయ్యగారండీ, ఇప్పుడేం చేయాలండీ?" అన్నారు.

మార్గము ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చి, ఆ గడువు లోపలే భారత పౌరుని వివాహము చేసుకొన్నవారు తమ వీసాను ఎంట్రీ వీసాగా మార్చుకొనుటకు దరఖాస్తు చేయవచ్చు. ఈ వ్యవహారము చూసేది విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయము. అందరూ పొడి అక్షరాలలో ఎఫ్.ఆర్.ఆర్.ఓ. అంటారు. 2018 నుండి ఈ దరఖాస్తులు కంప్యూటరులోనే పెట్టుకోవచ్చు, పిలిచినప్పుడు మాత్రమే స్వయముగా వెళ్ళాలి. ఇంటి దగ్గరనుండి కంప్యూటరులోనే తీసుకొనే ఈ-వీసా మీద వచ్చేవారు మాత్రము జాగ్రత్తగా ఉండాలి. దానిని పొడిగించరనీ మార్చరనీ ప్రభుత్వము ముందే చెబుతుంది.

కాగితాలు పోగుచేయడము మొదలుపెట్టాము. పెళ్ళి సర్టిఫికెట్టు విషయములో చిక్కు రాలేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము లైసెన్సు ఉన్న సేవకుని ద్వారా, ముందుగా నోటీసు ఇచ్చి, ఇద్దరు సాక్షుల ఎదుట, ఉదయము 6 గంటలకు సాయంత్రము 7 గంటలకు మధ్య జరిగిన వివాహము అది. రిజిస్టరులో సంతకాలన్నీ ఉన్నాయి. లైసెన్సు లేనివారి చేత మందిరములో పెళ్ళి జరిపించి, ఫోటోలు తీయించుకొని, అదే చాలనుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఫోటోలు ఏ ఆఫీసులోనూ సర్టిఫికెట్టు కావు.

చిక్కు వచ్చింది పేర్ల దగ్గర. మన పల్లెల్లో చాలామందికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి, బడి సర్టిఫికెట్టులో పేరు మరొకటి. ఈ అబ్బాయికీ అంతే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధారు కార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంది. అమ్మాయి వైపు ఇంకొక తేడా. ఫిలిప్పీన్స్‌లో తల్లి పుట్టింటి ఇంటిపేరును నడిమి పేరుగా పెట్టుకుంటారు. మనవారికి అది తెలియక, రెండు ఇంటిపేర్లు ఎందుకున్నాయని ప్రతి గుమాస్తా అడిగేవాడే. చివరకు ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ ముందు అఫిడవిట్టు రాయించవలసి వచ్చింది.

ఆ రోజులలోనే మరొక సంగతి జరిగింది. నకళ్ళు తీయించుటకు పాస్‌పోర్టు కావాలంటే అమ్మాయి తల వంచుకుంది. అది అత్తగారి బీరువాలో, బంగారముతోపాటు తాళములో ఉంది. ఆమె నెమ్మదిగా మా ఇంటి అమ్మగారితో చెప్పిన మాట ఏమిటంటే, కువైట్‌లో యజమానురాలు కూడా అలాగే పాస్‌పోర్టును తాళము వేసి ఉంచేదట, రెండేళ్ళు అది కంటికి కనబడలేదట. ఇక్కడ కూడా అదే జరిగితే ఎవరిని అడగాలో తెలియక రాత్రులు నిద్ర పట్టడము లేదట. ఈ మాట అత్తగారికి చెప్పాము. ఆమె నిర్ఘాంతపోయారు. "ఎలకలు కొడతాయేమోనని దాచానండి, ఇంకో ఉద్దేశం లేదండి" అంటూ అప్పటికప్పుడు బీరువా తీసి, పాస్‌పోర్టు కోడలి చేతిలో పెట్టి, ఒక తాళపుచెవి కూడా ఇచ్చారు. పరదేశములో ఉన్న మనిషికి పాస్‌పోర్టు ప్రాణముతో సమానము. అది ఎవరిదో వారి దగ్గరే ఉండాలి.

దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకు స్వయముగా రమ్మని సందేశము వచ్చింది. అత్తగారు, కోడలు, మేమిద్దరము, మొత్తము నలుగురము బయలుదేరాము. ఊరినుండి ఆటోలో అమలాపురము, అక్కడనుండి బస్సులో కొత్తపేట, రావులపాలెము. దారిపొడవునా అరటి గెలలు దింపుతున్న లారీలు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, చీకటి పడే వేళకు రాజమండ్రి స్టేషను చేరాము. గోదావరి ఎక్స్‌ప్రెస్ స్టేషను వదిలిన కొద్దిసేపటికే నది మీదికి వచ్చింది. పక్క సీటులోని ముసలమ్మ కిటికీలోనుండి రూపాయి బిళ్ళ విసిరింది. అమ్మాయి ఆశ్చర్యముగా చూసి, డబ్బు ఎందుకు పారేస్తున్నదని అడిగింది. ఇక్కడివారి ఆచారమని చెప్పాము. ఆమె ఏమీ అనకుండా ఆ నల్లని నీటివైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. వంతెన దాటిన తరువాత కడుపు మీద చేయి వేసుకొని నిద్రపోయింది. అత్తగారు మాత్రము కాగితాల సంచి ఒడిలో పెట్టుకొని రాత్రంతా మేలుకునే ఉన్నారు.

తెల్లవారుజామున సికింద్రాబాదులో దిగి, ముఖాలు కడుక్కొని, ఇడ్లీ తిని, విమానాశ్రయమునకు వెళ్ళే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కాము. 2008లో శంషాబాదు విమానాశ్రయము వచ్చిననాటినుండి మా ప్రాంతపువారు ఆ దారిలో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళడమే ఎక్కువ. మేము మాత్రము ఒక మనిషిని పంపించుటకు కాక, ఉంచుకొనుటకు వెళుతున్నాము.

ఆ కార్యాలయములో కూర్చున్నవారిని చూస్తే ప్రపంచము ఒక గదిలోకి వచ్చినట్లుంది. చదువుకొనుటకు వచ్చిన ఆఫ్రికా దేశపు విద్యార్థులు, వైద్యమునకు వచ్చిన అరబ్బు కుటుంబము, ఏదో కంపెనీ పని మీద వచ్చిన కొరియా యువకుడు. వారి మధ్య పట్టుచీర కట్టుకొన్న ఒక పెద్దామె తెలుగులోనే మనవడికి ఫోనులో కబుర్లు చెబుతోంది. గుంటూరు జిల్లాలో పుట్టి, కొడుకు దగ్గర అమెరికాలో ఉండిపోయి, అక్కడి పౌరసత్వము తీసుకొన్నదట. ఇప్పుడు సొంత గడ్డ మీద తానే విదేశీయురాలు. మన చట్టము రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అటువంటివారి కొరకే ఓ.సి.ఐ. కార్డు ఉంది. అది ఉంటే జీవితాంతము వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఎన్నాళ్ళైనా ఉండవచ్చు. అయితే ఓటు వేయలేరు, వ్యవసాయ భూమి కొనలేరు.

మా వంతు వచ్చింది. అధికారి కాగితాలన్నీ ఒక్కొక్కటి తిరగేశాడు. భర్త ఇక్కడ లేడేమని అడిగాడు. కువైట్ కంపెనీ ఇచ్చిన ఉత్తరము చూపించాము. అమ్మాయిని ఇంగ్లీషులో కొన్ని ప్రశ్నలు అడిగి, తరువాత అత్తగారివైపు తిరిగి తెలుగులో, "అమ్మా, ఈ అమ్మాయి మీ దగ్గరే ఉంటుందా? ఖర్చులు ఎవరు చూస్తారు?" అన్నాడు. రాత్రంతా ఏమి చెప్పాలో వల్లె వేసుకొంటున్న ఆమె అవన్నీ మరచిపోయి, "మా పిల్లండి. కడుపుతో ఉందండి. మా ఇంట్లో కాకపోతే ఎక్కడుంటదండి?" అంది. అధికారి తల ఊపి ఏదో రాసుకున్నాడు. మీ జిల్లా పోలీసు విచారణ నివేదిక రావాలి, వచ్చిన తరువాత నిర్ణయము ఈ-మెయిలులో తెలియజేస్తాము అన్నాడు. లోపల గడిపింది ఇరవై నిమిషాలు. బయటకు వచ్చి చూస్తే గడువులో ఇంకా 11 రోజులు మిగిలి ఉన్నాయి.

రూతు గ్రంథము మన ఇళ్ళలో అందరికీ కంఠతా వచ్చు. అత్తను విడువని కోడలి ప్రేమను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. అయితే ఆ కథ పొలములో ముగియలేదు. బోయజు ఊరి గవిని దగ్గరకు వెళ్ళి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, అందరి ఎదుట ఆ మోయాబు స్త్రీ విషయమును స్థిరపరచాడు. ప్రేమ ఉన్నవాడే ఆ పని చేశాడు. పరదేశపు స్త్రీకి ఇంటిలో చోటు ఇవ్వడము ఒకటి, గవిని దగ్గర ఆమె స్థానమును స్థిరపరచడము ఇంకొకటి. రెండూ కావాలి.

నాలుగవ రోజున పోలీసువారు ఊరికి వచ్చారు. ఇరుగుపొరుగును అడిగారు. ఆమె ఎలా ఉంటుందని అడిగితే, పక్కింటావిడ, "మా పిల్లలకన్నా ముందే లేచి వాకిలి ఊడుస్తుందండి" అని సాక్ష్యమిచ్చింది. పెళ్ళి రిజిస్టరును మా దగ్గరకు వచ్చి చూశారు. గడువు ఇంకా మూడు రోజులు ఉందనగా రాత్రి తొమ్మిది గంటలకు ఫోనులో ఆ ఈ-మెయిలు వచ్చింది. వీసా మారింది. కువైట్‌లో భర్తకు ఫోను చేసి చెబుతూ ఆమె ఏడ్చింది. ఏ భాషలో ఏడ్చినా ఒక్కటే కదా, ఇంటిల్లిపాదికీ కన్నీళ్ళు వచ్చాయి.

ఇక అతిథుల సంగతి. 1841లో నోబుల్, ఫాక్స్ అయ్యగార్లు మచిలీపట్నము వచ్చినప్పుడు, 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చినప్పుడు వీసా అనే మాట లేదు. ఆ కాలము గడిచిపోయింది. ఇప్పుడు టూరిస్టు వీసా మీద వచ్చిన సహోదరుడు మన ఆరాధనలో కూర్చోవచ్చు, వాక్యము వినవచ్చు. ప్రసంగించుట, మతపరమైన కరపత్రాలు పంచుట ఆ వీసా మీద చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరుగా ఉంది. ఓ.సి.ఐ. కార్డు ఉన్న మన తెలుగువారైనా సరే, మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నాటి ప్రకటన చెబుతోంది. అటువంటి వీసా లేని అతిథి పేరును, "విదేశీ దైవజనులు" అని, సభల వాల్‌పోస్టరు మీద పెద్ద అక్షరాలతో వేయించే సంఘాలు ఆ అతిథికే కీడు చేస్తున్నాయి. ఆయనను వెనక్కు పంపవచ్చు, మళ్ళీ ఈ దేశములో అడుగుపెట్టకుండా పేరు నల్లజాబితాలో చేర్చవచ్చు. మా సంఘమునకు వచ్చిన ఒక విదేశీ దంపతులు నేల మీద మాతో కూర్చుని, ప్రేమవిందులో విస్తరి ముందు భోంచేసి, ఒక్క ప్రసంగమూ చేయకుండా వెళ్ళారు. మా ఊరివారు వారిని ఈనాటికీ తలచుకుంటారు.

విదేశీయులను ఇంటిలో దించుకొన్నవారు, హోటలువారివలెనే, 24 గంటలలోగా ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. చాలాకాలముగా దీనిని ఫారం సి అని పిలుస్తున్నారు. ఇదీ కంప్యూటరులోనే నింపవచ్చు. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవారు, తమ వీసాకు ఆ నియమము వర్తిస్తే, వచ్చిన 14 రోజులలోగా నమోదు చేయించుకోవాలి.

బిడ్డలను పరదేశములో పెళ్ళి చేసుకోనిచ్చే తల్లిదండ్రులకు మా మనవి ఇది. పెళ్ళికి ముందే ఇద్దరి పాస్‌పోర్టులు, బడి సర్టిఫికెట్టులు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. లైసెన్సు ఉన్న సేవకుని చేత పెళ్ళి జరిపించి, సర్టిఫికెట్టు వెంటనే తీసుకోండి. వివాహము రిజిస్టరయి, విడిపోకుండా రెండు సంవత్సరాలు నిండితే విదేశీ భార్య లేక భర్త ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. పాకిస్తాను, బంగ్లాదేశ్ మూలాలవారికి ఇది వర్తించదు. విడాకులైతే ఆ కార్డు నిలువదు. మనవడో మనవరాలో పరదేశములో పుడితే ఒక సంవత్సరములోగా అక్కడి భారత రాయబార కార్యాలయములో నమోదు చేయించండి. ఇక్కడే పుడితే 21 రోజులలోగా జననము నమోదు చేయించండి. ఏజెంటు మాట విన్నా, ప్రభుత్వపు కాగితము కంటితో చూచేవరకు నమ్మవద్దు. నియమాలు మారుతూ ఉంటాయి కనుక ప్రతిసారీ కొత్తగా విచారించండి.

ఆ ఇంట ఆడపిల్ల పుట్టింది. పన్నెండవ రోజునే పుట్టిన సర్టిఫికెట్టు తీసుకొన్నారు. తండ్రి ఇంటిపేరు, ఒక్క అక్షరము తేడా లేకుండా, పూర్తిగా రాయించారు. తల్లి పేరులోని నడిమి పేరు కూడా విడిచిపెట్టలేదు. సముద్రము అవతలి ఆ అమ్మమ్మగారి ఇంటిపేరు ఇప్పుడు మన పంచాయతీ రికార్డులో ఉంది.